చక్రాల కుర్చీ వెనక నిలబడ్డవాడి మాట

తొయ్యడంలో ఏముంది?

ఆసుపత్రి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ, "వీల్‌చైర్ తొయ్యడానికి నేర్చుకునేదేముంది బాబాయ్?" అని అడుగుతారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చిన పిల్లల్ని టీ ఇచ్చి తిట్టడం బాగుండదని ఊరుకుంటాను. వాళ్ళకి చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సుందరం. పల్నాడులో ఒక ప్రభుత్వాసుపత్రిలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఏ ఊరి ఆసుపత్రో రాయను. రాస్తే పాతవాళ్ళు ఫోన్ చేసి, "నా గురించి ఇట్టా రాశావేంది?" అని తగులుకుంటారు. కాగితాల మీద నా ఉద్యోగం పేరు మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. జనం నోట్లో వార్డు బాయ్. నెత్తిన ఒక్క నల్లవెంట్రుక మిగలని నన్ను, రిటైరయ్యే రోజు కూడా ఒకావిడ "బాయ్, ఇట్రా" అని పిలిచింది. వెళ్ళాను. ఆవిడ భర్తని మంచం మీంచి కుర్చీలోకి మార్చి, ఎక్స్‌రే గదికి తీసుకెళ్ళి, మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి వచ్చాను. ఆ తరవాతే నాకు దండ వేశారు.

ఈ పని గురించి గర్వంగానే చెబుతాను. ఆపరేషన్ చేసిన డాక్టరు గారు మనిషిని గంట చూస్తే మేము రోజంతా చూస్తాం. మనిషి బరువు ఎంతో, భయం ఎంతో మా చేతులకి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో నా చేతిలో ఉండగా కిందపడ్డది ఒకే ఒక్క మనిషి. వేలమందిలో ఒక్కరు అని గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ ఆ ఒక్కరు పడ్డ చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. ఈ పనిలో అసలు పాఠం ఆ పడ్డాయన దగ్గరే నేర్చుకున్నాను.

ముందు నువ్వు కూర్చో

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో దాచేపల్లి వైపు నుంచి ఒక ముసలమ్మ తుంటి విరిగి వచ్చింది. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, పనిమంతుడిననిపించుకోవాలని వరండాలో గబగబా తోసుకుపోతున్నాను. ఆవిడ రెండు చేతులూ పైకెత్తి గొల్లుమంది.

"ఆపు నాయనా, ఆపు! నేనేమన్నా సిమెంటు బస్తానా? చెప్పి తొయ్యి!"

వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేనే ఆ కుర్చీలో కూర్చుని, తోటివాడిని అదే వేగంతో తొయ్యమన్నాను. మా వరండాలో పరిచినవి నాపరాళ్ళు. రాయికీ రాయికీ మధ్య సందు వచ్చినప్పుడల్లా ముందరి చిన్న చక్రం దిగబడి, నా ఒళ్ళంతా ముందుకి తూలింది. మలుపు దగ్గర గోడ మీదికొచ్చి కొడుతుందేమో అనిపించింది. వెనక ఉన్నవాడి ముఖం కనపడదు, వాడి మనసులో ఏముందో తెలియదు. కళ్ళు మూసుకున్నాను. సాయంత్రం వెళ్ళి ముసలమ్మకి క్షమాపణ చెప్పుకున్నాను. "పోన్లే నాయనా, తెలిసిందిగా" అంది.

అందుకే కొత్తవాళ్ళకి ఎవరికైనా మొదటి పాఠం ఇదే. ముందు నువ్వు కూర్చో. ఇంకొకరిని తొయ్యమను. అప్పుడు, బయల్దేరే ముందు "పోదామా అండీ" అని ఎందుకు అడగాలో, గడప దగ్గర "కుదుపు వస్తుంది" అని ఎందుకు చెప్పాలో ఎవరూ నీకు వివరించక్కర్లేదు.

మిగతావి చిన్న విషయాలే కానీ ఎముకలు విరిగేది వాటి వల్లే. మనిషి కుర్చీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బ్రేకు రెండు వైపులా వెయ్యాలి. ఒక వైపు వేస్తే బండి గిర్రున తిరుగుతుంది. టైర్లలో గాలి తగ్గితే వేసిన బ్రేకు కూడా పట్టదు, కాబట్టి పొద్దున్నే వేలితో నొక్కి చూసుకోవాలి. కాళ్ళు పెట్టుకునే పలకలు మడవకుండా మనిషిని లేపితే, ఆయన పలక మీద బరువు వేసి నిలబడతాడు, బండి ముందుకి బోర్లా పడుతుంది. పంచె అంచు, చీర కొంగు, భుజం మీది కండువా చక్రం చువ్వల్లో పడకుండా ఒళ్ళోకి తీసి పెట్టాలి. ఇక మన బంధువుల సంగతి. పేషెంటును చూడ్డానికి వచ్చి టిఫిన్ క్యారియరూ, మంచినీళ్ళ సీసాలూ, బట్టల సంచీ అన్నీ కుర్చీ వెనక పిడులకి తగిలిస్తారు. కూర్చున్న మనిషి పైకి లేవగానే కుర్చీ వెనక్కి పడుతుంది. అన్నం, కూర నేలపాలు. నేను సంచులు తీసేస్తుంటే, "ఇంత చిన్నదానికి బరువేంది?" అని నా మీదికి వచ్చేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఎంతమందితో గొడవ పడ్డానో లెక్కలేదు. ఆ గొడవలకి ఏనాడూ చింతించలేదు.

ఊడివచ్చిన చెయ్యి

ఇన్ని తెలిసినవాడిని, తెలిసి కూడా ఒకసారి నోరు మూసుకున్నాను.

రాఘవయ్య గారిది మాచర్ల పక్కన పల్లె. ఒకప్పుడు ఊరికి ప్రెసిడెంటు. పదవి పోయి చాలాకాలమైనా ఆ పిలుపు పోలేదు. సుగర్ ముదిరి ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. మనిషి బాధకి మూలిగేవాడు కాదు కానీ, బెడ్‌పాన్ అడగాలంటే మాత్రం గోడ వైపు తిరిగేవాడు. మా హెడ్ సిస్టర్ రాజ్యలక్ష్మి గారిని రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "పంచాయతీ ఓట్లనాటికి నేను బడికి పోగలనా?" బడి అంటే వాళ్ళ ఊరి పోలింగ్ కేంద్రం. ఓటు హక్కు వచ్చినప్పటి నుంచీ తన ఓటు తనే వేసుకున్నానని, ఇప్పుడు పక్కన ఒకడిని పెట్టుకుని వాడి చేత ముద్ర వేయిస్తే ఎదుటి వర్గం వాళ్ళు రాఘవయ్య పనైపోయింది అంటారని ఆయన బెంగ. "అట్టా అనిపించుకునేకన్నా ఈ రెండో కాలు కూడా తీసెయ్యండమ్మా" అనేవాడు.

డిశ్చార్జి రోజు వచ్చింది. ఓట్లకి ఇంకా నెలరోజులుంది. ఆయన మనుషులు నలుగురు జీపు వేసుకుని వచ్చారు. అందరిలోకీ పెద్ద సాంబయ్య. ఆసుపత్రి వాకిట్లో మూడు మెట్లు. వాలు దారి ఉంది కానీ అది భవనం వెనక నుంచి చుట్టూ తిరిగి రావాలి. నేను బండిని అటు తిప్పబోయాను.

"ఏంది, ప్రెసిడెంటు గారిని దొడ్డిదారిన తీసుకుపోతన్నావా?" అన్నాడు సాంబయ్య. "మేం నలుగురం ఉండి ఎందుకు? పల్లకీలాగా ఎత్తుకుపోతాం. పట్టండ్రా!"

మా ప్రాంతంలో అభిమానం అట్లా ఉంటుంది. పెద్దమనిషి తన చేత్తో చక్రం తిప్పుకుంటే మనుషులకి నామోషీ. నలుగురూ తలో వైపు వంగి, కుర్చీ చేతులు పట్టుకున్నారు. ఆ కుర్చీ చేతులు ఊడేవి. మనిషిని పక్కనుంచి మంచం మీదికి జరపడానికి వీలుగా పైకి లాగితే వచ్చేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకి తెలియదు.

"అక్కడ పట్టుకోవద్దండి" అన్నాను.

ఎట్లా అన్నానో కూడా రాయాలి. తల వంచుకుని, నోట్లోనే గొణిగినట్టు అన్నాను. వాళ్ళు భూములున్న మోతుబరులు. నేను పొద్దున లేస్తే దుప్పట్లు మార్చేవాడిని, చర్చి పక్క వీధివాడిని. అలాంటి మనుషుల మీద గొంతు పెంచడం చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. కుర్చీ లేచింది. రెండో మెట్టు మీద కుడివైపు చెయ్యి ఊడి సాంబయ్య చేతిలోకి వచ్చింది. కుర్చీ ఒరిగింది. వెనక పిడులు నా చేతుల్లోనే ఉన్నాయి కానీ ఆ బరువు ఆపడం నా వల్ల కాలేదు. ప్రెసిడెంటు గారు కోసిన కాలి మీదే పడ్డారు. కుట్లు తెగాయి.

ఒక్క ప్రశ్న

జీపు ఖాళీగా వెళ్ళిపోయింది. ఆయన్ని మళ్ళీ ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. సాంబయ్య ఆసుపత్రి అదిరేలా అరిచాడు. "చేతులూడే బండి ఇస్తారా? మా పెద్దాయన్ని చంపుదామనా?" అప్పటి మా సూపర్నెంటు గారికి గొడవలంటే భయం. 'కుర్చీని చేతుల దగ్గర ఎత్తరాదు' అని కాగితం మీద రాయించి గోడకి అంటించారు. అంతటితో తన పని అయిపోయిందనుకున్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ కాగితం చదివినవాడిని ఒక్కడిని కూడా చూడలేదు.

రాజ్యలక్ష్మి సిస్టర్ మాత్రం నన్ను డ్రెస్సింగ్ గదిలోకి పిలిచింది. ఆవిడ కేకలు వెయ్యదు. అదే భయం మాకు.

"అక్కడ పట్టుకోవద్దని చెప్పావా సుందరం?"

"చెప్పానండి."

"వాళ్ళకి వినబడేలా చెప్పావా?"

 జవాబు కోసం ఆగకుండా ఆవిడ కట్లు కట్టే గాజుగుడ్డ మడతపెట్టుకుంటూ కూర్చుంది. నా మీద ఎన్ని మెమోలు రాసినా ఆ ఒక్క ప్రశ్నంత నొప్పి పుట్టేది కాదు. పేషెంటు బాగోగులు తెలిసినవాడు మెల్లగా మాట్లాడితే అది మర్యాద కాదు, తప్పుకోవడం. ఈ తీర్పు నాకు ఎవరూ ఇవ్వలేదు. నేనే ఇచ్చుకున్నాను.

మర్నాడు ప్రెసిడెంటు గారి మంచం దగ్గరికి వెళ్ళాను. "తప్పు నాదండి. చేతులు ఊడతాయని నాకు తెలుసు. గట్టిగా చెప్పలేకపోయాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఎందుకు చెప్పలా?"

"మీ మనుషులు కదండీ."

"నా మనుషులైతే? వాళ్ళకి మిరపచేను తెలుసు, నీకు బండి తెలుసు. తెలిసినోడు గమ్మునుంటే ఎట్టరా?" మళ్ళీ ఆయనే, "ఇప్పుడు చెప్పు. ఓట్లనాటికి పోగలనా, పోలేనా?" అన్నాడు.

పుండు మానాలి, మానినా ఆ కాలు ఆనకుండా కూర్చోగలగాలి, వాళ్ళ ఊరి బడి వాలు ఎట్లా ఉందో చూడాలి. ఉన్నదున్నట్టు చెప్పాను. "నా వల్ల మీ ఓటు పోతే నేను ఈ పనికి పనికిరానండి" అని కూడా అన్నాను. అది బతిమాలడానికి అన్న మాట కాదు, నిజంగానే అనుకున్నాను.

"అయితే ముందు ఆ నలుగురు గాడిదలకీ నేర్పు" అన్నాడు.

మోతుబరుల పాఠం

వారంలో రెండుసార్లు నలుగురూ వచ్చారు. ఆసుపత్రి వెనక ఖాళీ కుర్చీతో మొదలుపెట్టాం. ప్రెసిడెంటు గారు మంచం మీద నుంచి కిటికీలో చూసేవాడు. సాంబయ్య మొదటిరోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ట్రాక్టరు తోలేవాడికి దీంట్లో నేర్పేదేంది?" అన్నాడు.

"కూర్చోండి చెబుతా" అన్నాను.

కూర్చున్నాడు. వాలు మీద ఆయన ముఖం దిగే వైపుకి పెట్టి, కావాలనే కాస్త వేగంగా, నా పట్టు వదలకుండా దించాను. సగంలోనే రెండు చేతులతో నా మణికట్టు పట్టుకోవాలని వెనక్కి వెతికాడు. కిందికి వచ్చాక మొహం తుడుచుకుని, "ఓరి నీ... ముందుకి జారిపోతన్నా కదరా!" అన్నాడు. మిగతా ముగ్గురూ పడీ పడీ నవ్వారు. తరవాత వాళ్ళనీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాను. ఆ రోజు నుంచి ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

వాలు ఎక్కేటప్పుడు ముఖం ముందుకి, దిగేటప్పుడు వెనక్కి. ఇది వాళ్ళ చేత పదిసార్లు చేయించాను. ఎత్తకుండా గడిస్తే ఎత్తొద్దు. తప్పనిసరైతే ఊడని ఇనప గొట్టాన్నే పట్టుకోవాలి, మాట వెనకవాడిదే. మిగతావాళ్ళు నోరెత్తకూడదు. ఇంకో చిక్కు ఉంది. కాలు పోయిన మనిషికి ముందు వైపు బరువు తగ్గిపోతుంది. వాలు ఎక్కేటప్పుడు బండి వెనక్కి తిరగబడటానికి చూస్తుంది. అందుకని ఎడమ పలక మీద చిన్న ఇసక సంచీ కట్టాను.

ప్రెసిడెంటు గారు మొదటిసారి బండిలో కూర్చున్నప్పుడు దాన్ని చూశాడు. "పోయిన కాలికి బదులు ఇసక కట్టావా?"

"అవునండి. దీనికి సుగర్ రాదు."

ఆసుపత్రికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. చక్రం తిప్పడం, బ్రేకు వేసుకోవడం చదునైన నేల మీద పట్టుదలగా నేర్చుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. సాంబయ్య చూడలేక మొహం తిప్పుకునేవాడు కానీ ముట్టుకోలేదు. ఓట్లకి నాలుగు రోజుల ముందు డాక్టరు గారు కట్టు విప్పి చూసి, వెళ్ళొచ్చన్నారు.

వాలు

మాది మునిసిపాలిటీ, ఆరోజు నాకు ఓటు లేదు. సెలవు పెట్టి వాళ్ళ ఊరు వెళ్ళాను. బడి ముందు వాలు చూసి ఆగిపోయాను. ఓట్ల కోసం హడావుడిగా కట్టినట్టున్నారు. నిటారుగా ఉంది. పైన నున్నటి నాపరాయి పరిచారు. రెండు వరసల్లో జనం. ఒకవైపు ఎదుటి వర్గం వాళ్ళు, ఫోన్లు పైకి పట్టుకుని.

"ముందుకి వంగి కూర్చోండి. ఎక్కుతున్నాం" అని చెప్పి తోశాను. సగంలో చిన్న చక్రం రాళ్ళ సందులో పడి బండి గతుక్కుమంది. నలుగురూ ఒక్క ఉదుటున ముందుకొచ్చారు. చేతులు కుర్చీ వైపు చాచారు.

"చేతులు తియ్యండి!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.  సాంబయ్య చేతులు వెనక్కి తీసి కట్టుకున్నాడు. నేను బండిని జానెడు వెనక్కి లాగి, చక్రం సరిచేసి, పైకెక్కించాను.

లోపల అధికారి, "తోడు ఎవరైనా కావాలా పెద్దాయనా?" అని అడిగాడు. ప్రెసిడెంటు గారు అక్కర్లేదన్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఓటు వేసే చోట పెట్టిన అట్ట తడిక వెనక్కి వెళ్ళాడు. లోపల నుంచి బ్రేకు పడ్డ చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండోది. నాకు కళ్ళు చెమర్చాయి. బయటికి వచ్చి, మడిచిన కాగితం తన చేత్తోనే పెట్టెలో వేశాడు.

అంతా అయిందనుకున్నాను. దిగడం మిగిలింది.

వాలు పైకొచ్చి, బండి వెనక్కి తిప్పబోతే ఆయన చక్రం గట్టిగా పట్టుకున్నాడు.

"ఎటు తిప్పుతన్నావు?"

"వెనక్కండి. మీ ముఖం బడి వైపు ఉండాలి."

"ఊరంతా కింద ఉంది. వాళ్ళకి వీపు చూపించి దిగనా? వాళ్ళ ముందు?" ఎదుటి వర్గం వైపు కళ్ళతోనే చూపించాడు. "నేనెప్పుడూ ఎవరికీ వీపు చూపించలేదు. ముందుకే దింపు."

ఈసారి నేను మెల్లగా చెప్పలేదు. "ముందుకి దింపితే ఈ నున్నటి రాయి మీద మీరు జారిపోతారండి. ఒక్క కాలితో ఆపుకోలేరు. అప్పుడు మిమ్మల్ని నలుగురు మోసుకుపోవాలి, వాళ్ళు ఫొటోలు తీస్తారు. తిప్పకపోతే నేను దింపను." బ్రేకులు రెండూ వేసి, పిడుల మీద నుంచి చేతులు తీసి, పక్కకి వచ్చి నిలబడ్డాను. నా మాట కింద వరసలదాకా వినపడింది.

కింద సాంబయ్య నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ ఊళ్ళో ఆయనతో అలా మాట్లాడినవాడు లేడు.  నేను కదల్లేదు. ప్రెసిడెంటు గారు నా వైపు చూశాడు, కింద జనం వైపు చూశాడు. ఫోన్లు ఇంకా పైకే ఉన్నాయి.

ఆయన వంగి బ్రేకులు తీశాడు. బొబ్బలెక్కిన చేతులతో ఒక చక్రం ముందుకి, ఒక చక్రం వెనక్కి తోసి, ఎవరి సాయమూ లేకుండా, మొత్తం ఊరికి వీపు పెట్టి తిరిగాడు.

"ఊఁ" అన్నాడు, "పట్టుకో."

పట్టుకున్నాను. ఆ మనిషి బరువంతా నా రెండు చేతుల మీదికి వచ్చింది. అడుగడుగునా చెబుతూ, మెల్లగా కిందికి దిగాం.